దోన్ కసియానో ఎడమ చెయ్యి

దోన్ కసియానో ఒరెయానా మా ఆరోగ్య విజ్ఞాన విభాగంలో ఇరవై ఆరేళ్లు పురుగులను పెంచాడు. విశ్వవిద్యాలయం కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు మూడో తరగతి సహాయకుడు. మేం మాత్రం పురుగుల నాన్న అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది గేటు దగ్గర కాపలా ఉండే ఉబాల్దో. పొద్దున్నే కసియానో లోపలికి వస్తుంటే, ఏమయ్యా పురుగుల నాన్నా, పిల్లలు పాలకు ఏడుస్తున్నారా అని పలకరించేవాడు. ఏడవవు, నీలాగా కాదు, ఆకలేసినా నోరు మూసుకుని ఉంటాయి అని ఈయన జవాబు. రోజూ అదే మాట, అదే జవాబు. అయినా ఇద్దరూ రోజూ నవ్వేవాళ్లు.

ఆయన పెంచినవి విన్చూకాలు. మా లోయల్లో మట్టిగోడల నెర్రెల్లో, గడ్డికప్పుల్లో కాపురముండే పురుగులవి. పడుకున్నవాళ్ల రక్తం తాగి అక్కడే పెంట వేస్తాయి. దురదకు గీరుకున్నప్పుడు ఆ పెంటలోని సూక్ష్మజీవి ఒంట్లోకి దూరుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు చెయ్యదు. తర్వాత గుండె ఉబ్బుతుంది. మనిషి పొలం గట్టు మీదో బస్సులోనో కూలబడిపోతాడు. మా వైపు నలభై దాటినవాడు అలా పోతే ఏమైందని ఎవరూ అడగరు.

మనిషి ఒంట్లో ఆ జీవి ఉందో లేదో చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. రోగం అంటని పురుగులను ప్రయోగశాలలో పుట్టించి, కొన్నాళ్లు ఆకలితో ఉంచి, జాలీ గుడ్డ కట్టిన డబ్బాలో పెట్టి రోగి చేతికి కడతాం. అరగంట తాగనిస్తాం. నెల తర్వాత ఒకసారి, మళ్లీ రెండో నెలలో వాటి పేగులు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తాం. మనిషి రక్తంలో ఒకటీ అరా ఉన్నా పురుగు పొట్టలో అది వేలకు పెరుగుతుంది. అయితే పురుగు శుభ్రంగా పుట్టి శుభ్రంగా పెరిగి ఉండాలి, లేకపోతే పరీక్షకు అర్థమే లేదు. అందుకే వాటికి కోళ్ల రక్తమే పెట్టాలి. కోడి ఒంట్లో ఆ జీవి బతకదు.

కసియానో చేతిలో కోడి గింజుకునేది కాదు. రొమ్ము మీద ఈకలు నాలుగు పీకి, కాళ్లు మెత్తగా కట్టి, డబ్బాల మీద బోర్లా పడుకోబెట్టి దాని వీపు నిమురుతూ కూర్చునేవాడు. గదిలో తేమ చాలిందో లేదో గోడకు చెంప ఆనించి చెప్పేవాడు. పక్కనున్న కొలిచే యంత్రం అదే అంకె చూపించేది. పురుగులను ఆయన 'నా పాపలు' అనేవాడు. నేను ఆ గదిలో ఉద్యోగానికి చేరిన మొదటి వారం ఆ మాట విని నాకు ఒళ్లు జలదరించింది. అప్పటికి నా కూతురికి ఏడు నెలలు. ఇంటికి వెళ్లి చేతులు మూడుసార్లు కడుక్కుంటే తప్ప దాన్ని ముట్టుకునేదాన్ని కాదు.

ఆయన పుట్టింది టాకో పంపాలో. పట్నానికి ఆరు గంటల దూరం, మధ్యలో ఏరు. వానాకాలంలో ఆ ఏరు పొంగితే ఊరు అవతలే తెగిపోయి ఉండిపోతుంది. అన్నలిద్దరూ గుండె జబ్బుతోనే పోయారు, ఒకడు నలభై రెండేళ్లకు, ఇంకొకడు యాభైకి. ఈయనకు మాత్రం ఆ భయం లేదు. కారణం ఆయన మంచం పైన, కన్య మరియ పటం పక్కన, గాజు బిగించిన చట్రంలో ఉండేది. ఇరవై ఏళ్ల కింద డాక్టర్ మిర్తా రొకబాదో మా విభాగానికి ఆచార్యురాలిగా వచ్చినప్పుడు పనివాళ్లందరికీ పురుగులు కట్టి పరీక్ష చేసింది. కసియానోకు వచ్చిన కాగితం మీద 'పరాన్నజీవి కనబడలేదు' అని ఉంది. కింద ఆవిడ సంతకం, విభాగం ముద్ర. చుట్టాలొస్తే ఆయన భార్య దోన్యా బెనెదిక్తా ఆ చట్రం తుడిచి చూపించేది.

డాక్టర్ రొకబాదో చెడ్డ మనిషి కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలామంది అలా అన్నారు. ఆవిడ లోయ పిల్లల కోసం పదిహేనేళ్లు కష్టపడింది. టాకో పంపాలో ముప్పై ఎనిమిది మంది పిల్లలకు రెండు నెలల మాత్రల చికిత్స మొదలుపెట్టింది ఆవిడే. ఆ మాత్రలు చేదు. కొందరికి దద్దుర్లు లేస్తాయి, కొందరికి కాళ్ల నరాలు లాగుతాయి. కానీ చిన్నతనంలో వేస్తేనే జబ్బు పూర్తిగా పోయే ఆశ ఉంది. ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు. కసియానో వెళ్లి వాళ్ల కెచువా భాషలో మాట్లాడాడు. నేను ఇక్కడివాణ్ణి, నా అన్నలను మీరే మోశారు, ఈవిడ మందు పనిచేస్తుంది, దానికి నేను పూచీ అని చెప్పాడు. మొదట చెయ్యి చాపింది ఎలెయుతెరియో అనే రైతు కూతురు సెనోబియా. ఆ పిల్ల పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మొదటి కుచ్చు కత్తిరించింది కసియానో. మా వైపు అలా కత్తిరించినవాడు ఆ పిల్లకు రెండో తండ్రి, వాళ్ల నాన్నకు కంపాద్రే. అన్నదమ్ముడి కంటే ఒక మెట్టు పైన. మాత్రలు మొదలుపెట్టినప్పుడు సెనోబియాకు ఎనిమిదేళ్లు. మాత్రలతో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి గానీ రెండు నెలలూ పూర్తి చేసింది.

ఏడాది గడిచాక, నవంబరులో ఆ పిల్లలందరికీ మళ్లీ పురుగులు కట్టి చూడాలన్నది ఏర్పాటు. సరిగ్గా దానికి ముందు సెప్టెంబరులో దారులు మూతపడ్డాయి.

ఆ దిగ్బంధం ఇరవై ఆరు రోజులు నడిచింది. నిరసనవాళ్లు దారులకు అడ్డంగా పెట్టిన రాళ్లు, చెట్టు మొద్దులు, మంటలు. పట్నంలోకి గింజ రాలేదు. విశ్వవిద్యాలయంలో విద్యార్థులు సమ్మె చేసి ఆవరణలో ఉమ్మడి వంట పెట్టారు. ఎనిమిదో రోజున ఎవరో మా కోళ్ల సంగతి గుర్తు చేశారు. పద్నాలుగు కోళ్లు. డీన్ గారి ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. కసియానో గూడు తలుపుకు అడ్డం నిలబడ్డాడట. అవి కూరకు కాదయ్యా, చదువుకు అన్నాడట. మా కడుపులు కూడా చదువుకునేవేనని ఒక కుర్రవాడు అంటే అందరూ నవ్వారట. ఉబాల్దో కూడా ఆ చారు తాగాడు. తర్వాత చాలా రోజులు కసియానో అతనితో మాట్లాడలేదు.

పురుగు ఆకలిని బాగానే ఓర్చుకుంటుంది. పెద్దదైతే నెలలు ఉండగలదు. కానీ పరీక్షకు కావలసింది పెద్దవి కావు, ఎదుగుతున్న పిల్ల పురుగులు. అవి రక్తం తాగితేనే పొర విడిచి ఎదుగుతాయి. సెప్టెంబరులో తాగకపోతే నవంబరుకు తయారు కావు. నవంబరు దాటితే వానలు, ఏరు, తర్వాత పంట. పిల్లల పరీక్ష ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. నేను ఆ రోజుల్లో పాపతో ఇంట్లోనే ఉండిపోయాను. డాక్టర్ రొకబాదో పట్నం అవతలి వైపున చిక్కుకుపోయింది. పురుగుల గదికి రోజూ గంటన్నర నడిచి వచ్చింది కసియానో ఒక్కడే.

మళ్లీ దారులు తెరుచుకుని మేం వచ్చి చూస్తే సగం డబ్బాలు ఖాళీ, వాటిలో పురుగులు చచ్చిపోయాయి. మిగతా సగంలో పురుగులు నిండుగా, మెరుస్తూ, సరిగ్గా ఎదగవలసిన మేరకు ఎదిగి ఉన్నాయి. డాక్టర్ రొకబాదో ఒక డబ్బా ఎత్తి వెలుగులో తిప్పి చూసింది.

"ఏం పెట్టారు వీటికి, దోన్ కసియానో?"

"ప్రేమ పెట్టానమ్మా."

అందరం నవ్వాం. ఇంటి నుంచి రెండు కోళ్లు తెచ్చి ఉంటాడని నేననుకున్నాను. ఆవిడ కూడా అలాగే అనుకుందని తర్వాత చెప్పింది. ఎవరం మళ్లీ అడగలేదు.

ఇంకో తప్పు కూడా జరిగింది. అందులో నా చెయ్యి ఉంది. ప్రతి పరీక్షకూ ఒక డబ్బా పురుగులను ఎవరి చేతికీ కట్టకుండా పక్కన పెట్టాలి. చివర్లో వాటినీ చూడాలి. వాటిలో ఏమీ లేకపోతేనే మిగతావాటిలో కనబడింది రోగిదని నమ్మాలి. మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలిసిన పాఠమిది. పురుగులు చాలవు, పక్కన పెట్టే డబ్బా కూడా పిల్లలకే వాడదామంది డాక్టర్ రొకబాదో. మన గది ఇరవై ఏళ్లుగా శుభ్రమేగా అంది. సరేనని పుస్తకంలో ఆ వరుస కొట్టేసింది నేను. ఆ పూట పాపకు జ్వరం. తొందరగా ఇల్లు చేరాలనుకున్నాను.

నవంబరులో టాకో పంపా వెళ్లి పిల్లల చేతులకు డబ్బాలు కట్టాం. కసియానో ఒక్కొక్కరి పక్కన కూర్చుని కథలు చెబుతూ అరగంట కదలకుండా ఉంచాడు. సెనోబియా ఈ మాటు ఏడవలేదు. నా పురుగులు బాగా తాగుతున్నాయి చూడు తాతా అని గొప్పలు పోయింది.

జనవరి చివరికి నేను ఫలితాలు తీశాను. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మందికి కట్టిన పురుగుల్లో ఆ జీవి ఈదుతూ కనబడింది. మాత్రలు పూర్తిగా వేసుకున్న పిల్లలు. సెనోబియా ఆ పదకొండులో ఉంది.

దాని అర్థం ఒకటేనని డాక్టర్ రొకబాదో అనుకుంది. మా లోయలోని పరాన్నజీవి ఈ మందుకు లొంగడం లేదు. అప్పటిదాకా ఎవరూ చూపించని సంగతి. విభాగంలో పండగైపోయింది. ఒక వైద్య పత్రిక ఆవిడ వ్యాసాన్ని తొందరగా తీసుకుంది, మూడు దేశాల నుంచి పిలుపులొచ్చాయి. మా మెట్ల దగ్గర ఇత్తడి పలక ఒకటుంది. ఆచార్యుల పరిశోధనా విజయాలు సంవత్సరాలవారీగా చెక్కి ఉంటాయి దాని మీద. ఫిబ్రవరి మొదటి వారంలోనే కొత్త వరుస చెక్కించారు. ఆ పదకొండు మందికీ ఎక్కువ మోతాదులో రెండోసారి మాత్రలు మొదలుపెట్టాలని నిర్ణయమైంది. ఊరి ఆరోగ్య కార్యకర్త వారం వారం ఇల్లిల్లూ తిరిగి పిల్లల ఒళ్లు చూడాలి, దద్దుర్లు లేస్తే ఆపాలి. అతనుండేది ఏటికి ఇవతల. మాత్రలు పంచిన మూడో రోజునే ఏరు పొంగింది.

కసియానో ఫలితం విన్నది నడవలో. నేల తుడుస్తున్నాడట. పదకొండు అన్న అంకె విని గుడ్డ బకెట్లో వేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన మెట్ల మీద డాక్టర్ రొకబాదోకు ఎదురుపడటం నేను చూశాను. ఆవిడ విమానానికి వెళుతోంది. ఒక చేతిలో కోటు, ఒక చేతిలో పెట్టె.

"డాక్టరమ్మా, నాకు మీరిచ్చిన కాగితం ఉంది కదా. అది ఇంకా చెల్లుతుందా?"

"పటం కట్టించుకున్నారే, అదా? నా సంతకం చెల్లకపోవడమేమిటి, దోన్ కసియానో."

నవ్వి ఆయన భుజం తట్టి దిగిపోయింది. ఆయన మెట్ల మీదే నిలబడ్డాడు. మొహంలో కాస్త తేరుకున్నట్టు కనబడింది. ముసలివాడికి పింఛను బెంగ కాబోలనుకుని నేను నా సంచీ తీసుకుని ఇంటికి పోయాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఆ మాటనే పట్టుకుని ఉన్నాడు. సంతకం చెల్లుతుంది, కాబట్టి తన రక్తం శుభ్రం, కాబట్టి ఆ జీవి పిల్లలదే. నోటితో అలా అనుకునేవాడినని తర్వాత నాతో చెప్పాడు. అనుకున్న ప్రతిసారీ ఎడమ చెయ్యి దురద పెట్టేదట.

కార్నివాల్ పండగకు ముందు శుక్రవారం మా దగ్గర ఆఫీసులన్నిటికీ చాల్యా చేస్తారు. బల్లలకు, యంత్రాలకు రంగు కాగితాల తోరణాలు చుట్టి, పూలరేకులు చల్లి, నేలతల్లికి చిచా అనే మొక్కజొన్న కల్లు పోసి, ఈ ఏడు కూడా మమ్మల్ని చల్లగా చూడమని అడుగుతారు. సూక్ష్మదర్శినికి కూడా తోరణం కడతాం. కసియానో ప్రతి ఏడూ పురుగుల గది నాలుగు మూలలా చిచా పోసి, చివరి చుక్క డబ్బాల ముందు వదిలేవాడు. ఆ శుక్రవారం అందరూ ఆడుతూ పాడుతూ ఉన్నారు. నేను గదిలోకి వెళ్లేసరికి ఆయన చిచా బుర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేల పొడిగా ఉంది.

పోయలేదేమని అడిగాను.

"వీటికి పొయ్యను" అన్నాడు. బుర్రను రెండో చేతికి మార్చుకుని, "అమ్మాయ్, ఒకటడుగుతా, నవ్వకు. పురుగులు కట్టి చూసి లేదని రాసిస్తారే, అది ఒక్కసారి రాస్తే ఎన్నాళ్లకి?"

"ఎన్నాళ్లకీ కాదు. ఒకసారి కనబడకపోతే లేదని కాదు, దోన్ కసియానో. ఉన్నవాళ్లలో సగం మందికి కనబడదు. పెద్దవాళ్లకైతే మరీను. మళ్లీ మళ్లీ కట్టాలి, రక్తపరీక్ష చెయ్యాలి."

పాఠం చెప్పినట్టు చెప్పేశాను. ఆయన బుర్రను జాగ్రత్తగా నేల మీద పెట్టాడు.

"ఆ మాట ఇరవై ఏళ్లలో నాకెవరూ చెప్పలేదే."

ఎడమ చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు. లోపలి వైపు చర్మం మీద మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లటి చుక్కలు, గుండ్రంగా, వరుసగా, డబ్బా మూతి ఎంతుంటుందో అంత వలయాలుగా. కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నాకు లెక్క వెయ్యవలసిన పని పడలేదు.

కోళ్లు పోయాయి, ఏం చెయ్యమంటావ్ అన్నాడు. తనకు ముందు ఈ గది చూసిన హిలారియోన్ ముసలాయన కోడి దొరకని రోజున తన చెయ్యే పెట్టేవాడట. పురుగుల గది చూసేవాడికి అది పరువట. నాకు కాగితం ఉంది కదా అనుకున్నానన్నాడు. రోజుకు నాలుగు డబ్బాలు, పద్దెనిమిది రోజులు.

"పిల్లలకి నాది కనబడిందా, అమ్మాయ్? ఆ పదకొండూ నేనేనా?"

తెలియదన్నాను. అబద్ధం. అప్పటికే తెలుసు.

డాక్టర్ రొకబాదో ప్రయాణం నుంచి ఆ ముందురోజే వచ్చింది. తలలో రంగు కాగితం ముక్కలతో, చేతిలో గ్లాసుతో ఉన్న ఆవిడను పక్కకు పిలిచి తీసుకొచ్చాను. ఆవిడ కూర్చోలేదు. ఎన్ని డబ్బాలని అడిగింది, ఎన్నాళ్లని అడిగింది. నాకెందుకు చెప్పలేదు అంది చివరికి.

"మెట్ల మీద అడిగానమ్మా."

ఆవిడకు గుర్తొచ్చింది. అది మొహంలోకి రావడం నేను చూశాను. తెల్లకోటు తొడుక్కుంది. బయట బ్యాండు మోగుతుండగా గదిలో మిగిలిన పురుగుల్లోంచి, అప్పటికి ఎదుగుదల చాలక ఏ పిల్ల చేతికీ కట్టనివాటిలోంచి నలభై తీసి తన చేత్తో పేగులు విప్పింది. నేను వాటిని పరిచే గాజు ముక్కలు అందించాను. నలభైలో ఏడింటిలో ఆ జీవి ఈదుతోంది. చివరిది చూశాక ఆవిడ సూక్ష్మదర్శిని దీపం ఆర్పింది.

మాత్రలు ఆపాలి. ఏరు పొంగింది, దారి లేదు, కార్యకర్త ఇవతలే ఉన్నాడు. ఊళ్లకు కబురు పంపాలంటే ఉన్నది ఒకటే దారి. మా లోయ రేడియో తెల్లవారుజామున కెచువాలో సందేశాలు చదువుతుంది. ఫలానావాళ్ల ఆవు దొరికింది, ఫలానా ఆసుపత్రిలో ఫలానావాళ్లకు మగపిల్లాడు పుట్టాడు అని. పొయ్యి రాజేస్తూ అందరూ వింటారు. నేను కాగితం మీద నాలుగు వాక్యాలు రాశాను. కసియానో తీసుకుని చదివి, ఇది నేనే చెబుతానన్నాడు. పేరు అక్కర్లేదు, విభాగం తరఫున చెబుదాం అంది డాక్టర్ రొకబాదో. విభాగం మాట వాళ్లు వినరమ్మా, మొదట మాత్రలు వెయ్యమన్నది నేను, ఆపమనాల్సిందీ నేనేనన్నాడు.

శనివారం పొద్దున ఐదింటికి రేడియో వాళ్ల గాజు గదిలో ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను బయట నిలబడి విన్నాను.

"నేను కసియానోని. కొండకింది ఇంటి పౌలీనో కొడుకుని. టాకో పంపా తల్లులారా, డాక్టరమ్మ ఇచ్చిన రెండోసారి మాత్రలు పిల్లలకి వెయ్యకండి. ఇవాళ పొద్దుటి మాత్ర కూడా వెయ్యకండి. పిల్లల రక్తంలో ఏమీ లేదు. కోళ్లు లేకపోతే పురుగులకి నా చెయ్యి పెట్టాను. వాటిలో కనబడింది నాది. తప్పు నాది. మాత్రలు దాచిపెట్టండి, మేమొచ్చి తీసుకుంటాం."

తర్వాత పదకొండు పేర్లు, తండ్రుల పేర్లతో సహా, నిదానంగా చదివాడు. సెనోబియా పేరు చివర పెట్టాడు. రోజూ సందేశాలు చదివే అబ్బాయి ఆ తర్వాత ఏం వెయ్యాలో తెలియక కార్నివాల్ పాట వేశాడు.

పది ఇళ్లు విన్నాయి. సెనోబియా ఇల్లు వినలేదు. అప్పటికే ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఎలెయుతెరియో ఆ పిల్లను వీపుకు కట్టుకుని గురువారమే బయలుదేరాడు. ఏరు పైకంటా నడిచి, తాడు పట్టుకుని దాటి, ఆదివారం మధ్యాహ్నం పట్నం ఆసుపత్రికి చేరాడు. పిల్ల ఒళ్లంతా మరిగే నీళ్లు పోసినట్టుంది. పెదవులు, కళ్లు, నోటి లోపల. దుప్పటి తీస్తే చర్మం దుప్పటితో వచ్చేస్తోందని నర్సు మెల్లగా కత్తిరిస్తోంది. డాక్టర్ రొకబాదో నిలబడి ఏవో మందులు చెబుతోంది. కసియానో వార్డు గుమ్మంలో నిలబడిపోయాడు. ఎలెయుతెరియో గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు చెప్పులు లేవు, ఏట్లో పోయాయి. తలెత్తి చూశాడు. కోపంగా కూడా లేదు ఆ చూపు.

"నాలుగో రోజే దద్దుర్లు లేచాయి, కంపాద్రే. దాని అమ్మ ఆపేద్దామంది. పోయినసారీ లేచాయి కదా, మా కంపాద్రే మాట, పూర్తి చెయ్యాలి అని నేనే వేశాను. అది వద్దన్నా నోరు తెరిచి వేశాను."

 కసియానో వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. బూడిద బుధవారం పొద్దున, నుదుట బూడిద పెట్టించుకున్న జనం గుళ్లోంచి ఇళ్లకు పోయే వేళకు, సెనోబియా చనిపోయింది. పదేళ్లు నిండలేదు.

ఆ వారం నేను కసియానో రక్తం తీశాను. రెండు పరీక్షల్లోనూ జబ్బు ఉన్నట్టే వచ్చింది. గుండె పటం తీస్తే అందులోనూ ఉంది, చాలా ఏళ్లదే. ఆ వయసులో, ఆ గుండెకు మాత్రలతో లాభం లేదు. ఆయన అడగనూ లేదు. పురుగులన్నిటినీ చంపెయ్యాలని నిర్ణయమైనప్పుడు ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. ఒక్కొక్క డబ్బా తనే మోసుకెళ్లి ఆవిరి యంత్రంలో పెట్టాడు. మొత్తం పూర్తయ్యాక గోడకు చెంప ఆనించి చూశాడు, అలవాటుకొద్దీ. ఉబాల్దో ఆ రోజు ఏ హాస్యమూ ఆడలేదు. గేటు దగ్గర లేచి నిలబడ్డాడు.

డాక్టర్ రొకబాదో తన వ్యాసాన్ని తనే వెనక్కి పిలిపించింది. వద్దని చెప్పినవాళ్లున్నారు. పురుగుల్లో ఏదో తేడా అని ఊరుకుంటే చాలు, ఎవరూ అడగరన్నారు. ఆవిడ వినలేదు. టాకో పంపాకు తనే వెళ్లి మీటింగులో నిలబడి తన సంతకం సంగతి, పక్కన పెట్టని డబ్బా సంగతి చెప్పింది. పక్కన నేను ఉన్నాను. వాళ్లు విన్నారు. ఎవరూ తిట్టలేదు, తాగడానికి ఏమీ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఆ ఊరు మా విభాగానికి చెయ్యి చాపలేదు. మిగతా పిల్లల్లో ఎవరికి నిజంగా నయమైందో, ఎవరికి కాలేదో ఇప్పటికీ మాకు తెలియదు.

పత్రికకు దిద్దుబాటు రాసే పని నాకు పడింది. 'పరీక్షకు ముందు దశలో పురుగులకు తాత్కాలికంగా మానవ వనరు నుంచి రక్తం అందించబడింది' అని రాశాను. అలాగే రాయాలి, పేర్లు వెయ్యరు. అచ్చయ్యాక కసియానోకు చదివి అర్థం చెప్పాను. ఆయన అప్పటికి మెట్లెక్కలేకపోతున్నాడు. కింద బల్ల మీద కూర్చుని విన్నాడు.

"మానవ వనరు అంటే నేనేనా?"

"మీరే."

"మరి పేరు వెయ్యలేదేం? నేను రేడియోలో చెప్పానుగా."

 మళ్లీ చదవమన్నాడు, చదివాను. సెనోబియా ఎక్కడుంది ఇందులో అని అడిగాడు. 'ఒక తీవ్ర దుష్ప్రభావం' అన్నచోట వేలు పెట్టి చూపించాను. ఆయన ఆ చోటును బొటనవేలితో కాసేపు నొక్కి ఉంచాడు.

ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. పోయిన ఆగస్టులో ఇంటి వాకిట్లో కోళ్లకు గింజలు వేస్తూ పడిపోయాడు. అంత్యక్రియలకు ఎలెయుతెరియో వచ్చాడు. సమాధి మీద మొదటి దోసెడు మట్టి అతనే వేశాడు.

పది రోజుల తర్వాత దోన్యా బెనెదిక్తా మా విభాగానికి వచ్చింది. ఎడమ చంకలో పాత వార్తాపత్రిక చుట్టిన ఒక చట్రం. నేను మెట్ల దగ్గరే ఎదురయ్యాను, నాలుగేళ్ల నా కూతురు నా వెనకాలే ఉంది. ఆ ఇత్తడి పలక మీద ఆ ఏడాది వరుసను గీకించేశారు. అక్కడ పలక మిగతా చోట్ల కంటే మెరుస్తూ, కాస్త పల్లంగా ఉంటుంది. ఆవిడ దాన్ని చూడలేదు, చదవడం రాదు. పత్రిక విప్పి చట్రం నా చేతికిచ్చింది. లోపల 'పరాన్నజీవి కనబడలేదు' అన్న ఆ పాత కాగితం. గాజు తుడిచి తెచ్చింది.

లోపలికి రండి, డాక్టర్ గారు ఉన్నారన్నాను. అక్కర్లేదు, బస్సు పోతుందంది. మా ఇంట్లో ఎందుకమ్మా ఇది, మీ డాక్టరమ్మ సంతకమే కదా అంది. నా కూతురి తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, గేటు వైపు నడిచింది.